నీలం కారు వెనక తలుపు

అక్టోబర్ 14, మంగళవారం

విరిగిన తీరు నచ్చలేదు.

మేం కారు కంపెనీకి చేసిచ్చే వెనక తలుపు తాళంలో ఉండే నల్ల ప్లాస్టిక్ మీట. కూర్చున్నవాళ్ళు లోపలి హ్యాండిల్ లాగితే తాళాన్ని వదిలించేది అదే. చిటికెన వేలంత కూడా ఉండదు. పాతదాన్ని వంచితే ముందు తెల్లబడుతుంది, కాసేపు సాగుతుంది, బతిమాలుతుంది, అప్పుడు విరుగుతుంది. ఇవాళ తీసిన పెట్టెలోది — టక్. అప్పడం.

కొనుగోళ్ళు చూసే ఇయాన్‌ని అడిగాను. ప్లాస్టిక్ గింజలు వేరేవాళ్ళ దగ్గర తెస్తున్నారట, వేసవి చివరి నుంచీ. "లైక్ ఫర్ లైక్, ఉమా." దాని బదులు అలాంటిదేనట. బిస్కెట్ టీలో ముంచుతూ. కారు కంపెనీకి చెప్పారా అంటే — "అది మోహన్‌ని అడుగు."

క్వాలిటీ చూసేదాన్ని నేను. నాకే ఇవాళ తెలిసింది.

అక్టోబర్ 15

మా బాస్ మోహన్ రావు గారిని అడగలేదు. ఆయన మూడ్ బాగోలేదనుకున్నాను. నాకు ధైర్యం చాల్లేదని రాస్తే నిజానికి ఇంకొంచెం దగ్గర.

అక్టోబర్ 16, గురువారం

అడిగాను.

"డ్రాయింగులో ఏముందమ్మా? నైలాన్, గాజు పీచు కలిపింది. ఇదీ అదేగా?"

అదే. కాగితం మీద అదే.

"మరింకేంటి? చెబితే మళ్ళీ మొదట్నించీ అప్రూవలంటారు. నెలలు పడుద్ది. ఈలోగా పాత సరుకు లేదు. లైను ఆపుకుని భజన చేద్దామా?"

నవ్వాను. బాస్ జోకుకి నవ్వే నవ్వు.

ఎంత చిన్న మార్పయినా కారు కంపెనీకి ముందే చెప్పాలి — కొత్తగా చేరినవాళ్ళకి మొదటిరోజు ఈ పాఠం చెప్పేది నేనే. స్లైడు కూడా నేనే చేశాను. దాని మీద పెద్ద ఎర్ర ఆశ్చర్యార్థకం పెట్టాను.

అక్టోబర్ 17, శుక్రవారం

కొత్త మీటలు కొన్ని నిన్న చల్లపెట్టెలో పెట్టాను. మైనస్ ముప్పై. ఉదయం తీసి యంత్రంతో లాగాను. ఒకటి విరిగింది. మిగతావి నిలబడ్డాయి.

ఆయనకి చూపించాను. వేళ్ళ మధ్య తిప్పుతూ చాలాసేపు చూశారు. "యంత్రం బిగింపులో పట్టు సరిగ్గా పడలేదేమో. మళ్ళీ చెయ్యి."

కావచ్చు. పట్టు సరిగ్గా పడకపోవడం ఉంటుంది. నేనే చాలాసార్లు అన్న మాట అది.

అక్టోబర్ 18

నిన్న మళ్ళీ చల్లపెట్టెలో పెట్టినవి, శనివారం కూడా వెళ్ళి తీసి లాగాను. రెండోసారి ఏదీ విరగలేదు. ఆయనకి మెసేజ్ పెడితే బొటనవేలు బొమ్మ వచ్చింది.

ఇంటికి వస్తూ ఆలోచన — మొదటిసారి ఏదీ విరగకపోయి ఉంటే రెండోసారి చేయమనేవారా? అనరు. నేనూ చేయను. అంటే మేం పరీక్షిస్తున్నది మీటని కాదు. పాస్ వచ్చేదాకా అదృష్టాన్ని.

అలాగని విరిగిన ఒక్కటే నిజమని ఎలా అనను? నా చేతులు ఆ రోజు నిజంగానే సరిగ్గా బిగించలేదేమో. నా చేతుల్ని నేనే నమ్మడం లేదు...

అక్టోబర్ 20, సోమవారం. దీపావళి

సాయంత్రం మోహన్ రావు గారింట్లో. ప్రతి ఏడూ అక్కడే. వీధి చివర కాకరపువ్వొత్తులు, పైన తుంపర.

విజయ ఆంటీ నా ప్లేట్లో రెండో గారె వేస్తూ — "చిక్కిపోయావేంటే? మీ సార్ పని ఎక్కువ చేయిస్తున్నారా? చెప్పు, ఇవాళ ఆయనకి అన్నం పెట్టను."

నా ఆపరేషన్ అప్పుడు నెలంతా క్యారేజీ పంపిన మనిషి. మా ఆయన రవీందర్ ఉద్యోగం పోయి మేం ఇంగ్లండు వదిలి ఇండియా పోదామనుకున్నప్పుడు నన్ను కంపెనీలోకి తీసుకుని వీసాకి సంతకం పెట్టించింది మోహన్ రావు గారే. ఆ వీసా ఇంకా కంపెనీదే. పర్మనెంట్‌కి అప్లై చేసుకోవాలంటే వచ్చే మే దాకా ఆగాలి. అప్పటికి రూల్స్ మారిపోతాయని వాట్సాప్‌లో రోజుకో భయం.

ఆయన పిల్లలకి కాకరపువ్వొత్తి వెలిగిస్తున్నారు. వాళ్ళ వేళ్ళు కాలకుండా తన చెయ్యి అడ్డం పెట్టి. ఈయన్ని చెడ్డవాడనుకోగలిగితే ఎంత తేలిక.

అక్కడే స్వప్న పట్టుకుంది, తోడబుట్టని నా చెల్లెలు, భర్త కిరణ్‌తో వచ్చింది. "అక్కా, కారు కొంటున్నం. ఏ కారో చెప్పుకో?"

చెప్పక్కర్లేదు. కారు పార్కుల్లో ఆ కారు కనబడ్డప్పుడల్లా వెనక తలుపు తట్టి "దీని తాళం మాదే" అని ఊరంతా చెప్పుకున్నది నేనే. మన తెలుగువాళ్ళెవరు కారు కొన్నా ముందు నన్నే అడుగుతారు. నాకది గొప్ప.

"నీ కారే అక్కా! కిరణ్ జర్మనీది అంటుండె. మా అక్క చేసే కారు ఉండంగ గదెందుకన్న."

నవంబర్ 2, ఆదివారం

స్వప్న వచ్చింది. పిల్లలిద్దరూ సోఫా ఎక్కి దూకుతున్నారు. ఫోన్లో రంగులు చూపించింది. నీలం కావాలట. నీలం అయితే ఆర్డర్ పెట్టాలి, కొత్తగా తయారై వస్తుంది. షోరూంలో తెల్లది ఒకటి జూన్ నుంచి పడి ఉంది, డిస్కౌంట్ ఇస్తానంటున్నాడు.

జూన్. అప్పటికి మీట పాతది.

"తెల్లదే తీస్కో," అన్నాను.

"ఏంది అక్కా, అంబులెన్స్ లెక్క!"

ఏం చెప్పాలి? నోటికి వచ్చింది చెప్పేశాను — "నెలాఖరు నుంచి శుక్ర మూఢం. మల్ల ఫిబ్రవరి దాక కొత్తది కొనొద్దు. ఆర్డర్ పెడితే మూఢంల వస్తది. ఉన్నది తీస్కపో."

"నువ్వెప్పటి సంది మూఢాలు చూస్తున్నవ్?"

"మొన్నటి సంది."

నవ్వింది. కానీ ముఖంలో భయం కూర్చుంది, చూశాను. వాళ్ళమ్మకి ఫోన్ చేస్తుంది, వాళ్ళమ్మ పంతులుకి చేస్తుంది. పని అయిపోయినట్టే. పెళ్ళి ముహూర్తానికే రవీందర్‌తో వాదించినదాన్ని నేను.

వాళ్ళు వెళ్ళాక గిన్నెలు కడుగుతుంటే ఒళ్ళు తేలికగా అనిపించింది. ఆ తేలికదనం కాసేపే. ఏం చేశాను ఇప్పుడు? నా వాళ్ళ పిల్లలకి పాత మీట ఏరి ఇచ్చాను. మిగతా దేశానికి కొత్తది.

అంటే నాకు తెలుసన్నమాట. అనుమానం అని ఇన్నాళ్ళూ రాస్తున్నాను... అనుమానమే అయితే ఏరడం ఎందుకు?

నవంబర్ 8, శనివారం

స్వప్న ఫోన్. అరుపు.

"అక్కా, నీ మాటిన్న! మూఢం రాకముందే కావాలె, మా మతం ప్రకారం తప్పదు అని షోరూంల కూసున్న. ఆ పిల్లగాడు గావరైపోయి దేశమంతా వెతికిండు. నీలంది దొరికింది! ఎవరో ఆర్డర్ పెట్టి క్యాన్సిల్ చేసిండ్రంట. మొన్నమొన్ననే ఫ్యాక్టరీలకెల్లి వచ్చింది, కొత్త ముద్ద!"

మొన్నమొన్న.

"అంత తొందరేముంది స్వప్నా, జర ఆగితే..."

"తొందర పెట్టిందే నువ్వు గద!"

నిజమే.

నవంబర్ 9

ఏమీ రాయబుద్ధి కావడం లేదు.

నవంబర్ 15, శనివారం

స్వప్న వాళ్ళ ఇంటి ముందు కారు పూజ. పంతులు గారు రీడింగ్ అనే ఊరి నుంచి వచ్చారు, ఇంకో గృహప్రవేశం ఉందని గడియారం చూసుకుంటూ మంత్రాలు. చక్రాల కింద నిమ్మకాయలు. పక్కింటి ముసలావిడ పామ్ గేటు దగ్గర నిలబడి, అవి ఎందుకు తొక్కిస్తున్నారని అడిగితే కిరణ్ — "బ్రేక్ టెస్ట్, పామ్." ఆవిడ నమ్మింది.

"ముందల పంతులు గారు పెట్టిండ్రు. వెనక డోరుకు మా అక్కనే పెట్టాలె. ఆమె డోరది," అంది స్వప్న. అందరూ చప్పట్లు. కుంకుమ భరిణె నా చేతిలో.

పెట్టాను. బొట్టు పెట్టి, దాని కింద ఇంకో చుక్క, పసుపు. చుక్క గుండ్రంగా కుదిరింది. అదే ఆశ్చర్యం.

పిల్లలు వెనక సీట్లో ఎక్కి తలుపు లాక్కున్నారు. ఎంత మంచి చప్పుడు... మెత్తగా, బరువుగా. ఆ చప్పుడు కోసం ఇంజనీర్లు ఏళ్ళు కష్టపడతారు. లోపల్నించి తీశారు, దూకారు, మళ్ళీ ఎక్కారు. తీసినప్పుడల్లా నేను ఊపిరి వదలడం రవీందర్ గమనించాడనుకుంటాను.

నవంబర్ 16

గమనించాడు. ఇవాళ వేర్‌హౌస్ డ్యూటీలో అతనికి సెలవు. టీ పెట్టి ఎదురుగా కూర్చుని — "ఏమైంది చెప్పు." మొత్తం చెప్పాను.

"ఒకటి విరిగింది. రెండోసారి విరగలె. గంతేనా?"

"గంతే."

"మరి ఏది నిజం?"

"తెల్వదు."

"మైనస్ ముప్పైల విరిగింది. మన స్విండన్ల మైనస్ ఐదు ఎప్పుడన్న చూసినవా?"

"ఈ కార్లు నార్వేకు గూడ పోతయి."

టీ కప్పు పక్కకి జరిపాడు. తర్వాత మెల్లగా — "నువ్వు చెప్తే కంపెనీ నిన్ను ఉంచుకోదు. వీసా మిగిలే రెండు నెలల్ల ఇంకో స్పాన్సర్‌ను ఎవడిస్తడు మనకు? మన నిత్యకు ఎండాకాలంల పదోతరగతి అసొంటి జీసీఎస్‌ఈ. నేను చెప్పొద్దంటలేను ఉమా. మే దాక ఆగమంటున్న."

మే దాకా అంటే చలికాలం మొత్తం. ఇద్దరికీ తెలుసు.

కోపం రావాలి అతని మీద. రాలేదు. నేను అడుగుదామనుకున్నదే అతను అడిగాడు.

నవంబర్ 18

నిత్య వినేసిందట. ఈ ఇంటి గోడలు బిస్కెట్లు. స్కూలుకి వెళ్తూ షూ లేసు కట్టుకుంటూ, తల ఎత్తకుండా —

"మమ్, డస్ స్వప్న ఆంటీ నో?"

స్వప్నకి తెలుసా అంటే — అది చాలా కాంప్లికేటెడ్ అన్నాను.

"ఇట్స్ రియల్లీ నాట్, ఈజ్ ఇట్?" అని వెళ్ళిపోయింది.

నవంబర్ 19

పనిలో ఆడవాళ్ళ టాయిలెట్ తలుపు మీద పోస్టర్ ఉంది. తప్పు చూస్తే ఫోన్ చేయండి, పేరు చెప్పక్కర్లేదు. నాలుగేళ్ళుగా రోజూ చూస్తున్న పోస్టరే, ఇవాళ మొదటిసారి చివరిదాకా చదివాను.

పేరు చెప్పక్కర్లేదు. చల్లపెట్టె దగ్గర పనిచేసేది నేనొక్కదాన్నే. ఇంక పేరెందుకు?

నవంబర్ 24, సోమవారం

డిసెంబర్ నాలుగున హెలెన్ వస్తోంది. కారు కంపెనీ తరఫున ఏడాదికోసారి వచ్చి లైను చూసి వెళ్ళే మనిషి. మంచిది. పోయినసారి బిర్యానీ ఎలా చేస్తారో రాయించుకుని, చేసి, ఫోటో పంపింది. అది పలావు. చెప్పలేదు.

హెలెన్ వచ్చిన ప్రతిసారీ ఒకటే వరస. ముందు టీ, మోహన్ రావు గారు తెప్పించే సమోసాలు. రెండో సమోసా మీద ఆమె అడుగుతుంది — పోయినసారికీ ఇప్పటికీ ఏమైనా మార్పులున్నాయా? "నథింగ్," అంటారు ఆయన. ఆమె టిక్కు పెట్టుకుంటుంది. తర్వాత లైను. ఇన్నేళ్ళూ ఆ ప్రశ్నకి ఎవరూ తల కూడా ఎత్తలేదు. ఎవరో తుమ్మితే చిరంజీవ అన్నట్టు.

ఈసారి నన్ను పిలిచి తలుపు వేశారు.

"నువ్వేం అబద్ధం ఆడక్కర్లేదమ్మా. అడిగేది హెలెన్, చెప్పేది నేను. ఊరికే కూర్చో, చాలు."

"మొదటి టెస్టు సంగతి, సార్?"

"పట్టు సరిగ్గా పడలేదుగా?"

"అది మీరన్నారు."

"నువ్వు కాదన్లేదుగా."

అవును. కాదనలేదు.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నాకు నిద్రపడుతుందనుకుంటున్నావా? లైను ఆగితే ఈ పని పోలండు పోతుంది. ఇక్కడ మిగిలేది కారు పార్కే. నిన్నూ ఇయాన్‌నీ కింద లైను మీద పనిచేసే ఆ పిల్లలనీ ఏం చెయ్యమంటావు నన్ను? కొత్త ప్లాస్టిక్ బాగానే ఉంటుంది. వసంతంలో నేనే చెప్తాను, కుదురుగా."

మే దాకా అని రవీందర్, వసంతంలో అని ఈయన. అందరికీ చలి అయ్యాకే ధైర్యం.

లేచి వస్తుంటే — "సమోసాలు నువ్వే తెప్పించమ్మా. పోయినసారి ఉప్పెక్కువయింది."

నవంబర్ 27

హెలెన్ నంబర్ ఫోన్లో ఉంది. మెసేజ్ టైపు చేశాను. చెరిపేశాను. చెరిపాక "టైపింగ్" అని ఆమెకి కనబడి ఉంటుందా అని భయం.

నవంబర్ 30, ఆదివారం

అన్యాయం ఏమిటంటే నేను పొరపాటు పడి ఉండటానికి కూడా అవకాశం ఉంది. లేచి నిలబడి, అందరి ఉద్యోగాలూ పోగొట్టి, నా ఇంటినీ రోడ్డు మీద పెట్టి, చివరికి పెద్ద ల్యాబులో మళ్ళీ పరీక్షిస్తే ప్లాస్టిక్ శుభ్రంగా ఉందనుకో. అప్పుడు విజయ ఆంటీ ముఖం ఎలా చూడను?

రవీందర్ అన్నది నిజం, మోహన్ రావు గారన్నదీ నిజం, నిత్య అన్నదీ నిజం. అందరూ ఇంత నిజం మాట్లాడుతుంటే నిలబడటానికి చోటేది?

కానీ చెప్పడానికి మీట చెడ్డదని తేలక్కర్లేదు. మారింది అని తేలితే చాలు. మారింది. అది నాకు తెలుసు. హెలెన్ అడిగేది బాగుందా అని కాదు, మారిందా అనే. ఇంత చిన్న తేడా పట్టుకోవడానికి ఆరువారాలు పట్టింది. ఇది రాసేసరికి చెయ్యి నొప్పి పుట్టింది, పెన్ను అంత గట్టిగా పట్టుకున్నానా...

డిసెంబర్ 2

సమోసాలు చెప్పాను. ఉప్పు తక్కువ.

డిసెంబర్ 3, బుధవారం

ఉదయం కారు అద్దాల మీద మంచు గీకడానికి చాలాసేపు పట్టింది. మైనస్ నాలుగు. రేపు ఇంకా చలట.

మధ్యాహ్నం మోహన్ రావు గారు నా బల్ల దగ్గర ఆగి, "రేపు పదింటికి. సరేనామ్మా?" సరే సార్. నోరు దానంతటదే అంది.

సాయంత్రం అన్నం పెట్టుకుంటుంటే స్వప్న ఫోన్. నవ్వుతోంది, వెనక పిల్లల గోల.

"అక్కా, నీ డోరు అలిగింది పొద్దుగాల. స్కూల్ కాడ పిల్లలు లోపల్నించి ఎంత గుంజినా రాలె. ఎడమ దిక్కుది. ఇద్దరు ముందు సీట్లకెల్లి దుంకి దిగిండ్రు. ఒకటే నవ్వుడు."

"బయటి నుంచి?"

"బయట చూడలె. లేటైతుండె."

"చైల్డ్ లాక్ పడ్డదేమో. డోరు పక్కన చిన్న నాబు ఉంటది, చూసినవా?"

"గది నాకేం తెలుసక్కా. కిరణ్ నిన్న కారు కడిగిండు, ఆయనేమన్న కదిలిచ్చిండో. ఇంటికొచ్చినంక అడిగి చెప్త. ఎందుకట్ల గావరైతున్నవ్?"

"చలికి ఒక్కోసారి అట్లనే అయితది," అన్నాను. అన్నది నేనే. ఆ గొంతు నాదే. లైక్ ఫర్ లైక్ అన్న ఇయాన్ గొంతంత హాయిగా ఉంది.

"గంతేనా. నువ్వు చెప్తే ధైర్యం," అని పెట్టేసింది.

కిరణ్ ఏడింటికి వస్తాడు. ఏడు దాటింది. రవీందర్ నన్ను చూస్తున్నాడు. నిత్య గది తలుపు తీసే ఉంది.

చైల్డ్ లాకే అయి ఉండాలి. అదే అయితే బాగుండు. నూటికి తొంభై అదే. దేవుణ్ణి పెద్దగా నమ్మనిదాన్ని, మనసులో మొక్కుకుంటున్నాను కూడా.

చైల్డ్ లాకే అయితే రేపు నేను ఊరికే కూర్చుంటాను. హెలెన్ అడుగుతుంది, ఆయన చెప్తారు, నేను ప్లేటు అందిస్తాను. నాకు తెలుసు, ఖాయంగా. అదే అవ్వాలని మొక్కుకుంటున్నది పిల్లల కోసమా, ఆ కూర్చోవడం కోసమా?

ఫోన్ వెలిగింది. స్వప్న. మెసేజ్. ఇంకా తెరవలేదు.